కుక్క మీది, మెట్లు అందరివీ

అపార్ట్‌మెంట్లో కుక్కని పెంచుకోవడం గురించి ఉత్తరాలు రాయమని పోయిన నెల అడిగాను. కుక్క ఉన్నవాళ్లే రాస్తారనుకున్నాను, లేనివాళ్లూ చాలామంది రాశారు. అందుకు సంతోషం. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదివినన్నాళ్లూ రోగాన్ని పశువు ఒంట్లో వెతకడమే నేర్చుకున్నాను. సికింద్రాబాద్‌లో క్లినిక్ పెట్టాక తెలిసింది, పెంపుడు కుక్కల కష్టాల్లో చాలావాటికి మందు లిఫ్టు దగ్గరా, గేటు దగ్గరా, వీధి తలుపు దగ్గరా ఉందని. కుక్కని తెచ్చుకోవాలన్నది మీ నిర్ణయం. మీ పనమ్మాయినీ, పైఅంతస్తు తాతగారినీ, కొరియర్ కుర్రాణ్నీ ఎవరూ అడగలేదు. ఈ నెల జవాబులు వాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

మా జర్మన్ షెపర్డ్‌కి మూడేళ్లు. మా ఇంట్లో పసివాడితో కూడా ఎంతో నెమ్మదిగా ఉంటుంది. ఈమధ్య కొత్త పనమ్మాయి చేరింది. ఆమె చీపురు పట్టుకుంటే చాలు, గుర్రుమంటుంది. "కట్టేస్తేనే లోపలికొస్తానమ్మా" అంటోంది. మావారేమో "అదేం చెయ్యదు, అలవాటైపోతుందిలే" అంటారు. గుర్రుమన్నప్పుడల్లా మూతి మీద ఒకటి వేస్తున్నాం. ఇంకేం చేయమంటారు? – ఒక గృహిణి, ఎల్బీనగర్

ముందు కొట్టడం ఆపండమ్మా, ఈ రోజు నుంచే. గుర్రుమనడం అంటే అది మీకు ముందుగా చెబుతోందన్నమాట. కొట్టి మాన్పిస్తే దాని భయం అలాగే ఉంటుంది, చెప్పడం మాత్రం మానేస్తుంది. అలాంటి కుక్క ఒకనాడు చప్పుడు చేయకుండా కరుస్తుంది. "ఉన్నట్టుండి కరిచింది డాక్టర్‌గారూ" అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లని కాసేపు కూర్చోబెట్టి అడిగితే, వెనక ఎన్నో నెలల హెచ్చరికలు బయటికొస్తాయి. గుర్రుమనే ముందు కూడా కుక్క చాలా చెబుతుంది. ఒళ్లు బిగబడుతుంది. తిండి ఏమీ లేకుండానే మూతి నాక్కుంటుంది. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది. తల పక్కకి తిప్పుకుని చూపు మాత్రం మనిషి మీదే ఉంచుతుంది, అప్పుడు కంటి తెల్లగుడ్డు అర్ధచంద్రంలా కనిపిస్తుంది. తోక ఊపుతోంది కదా అని ధైర్యపడకండి. నడుముతో సహా ఒళ్లంతా ఊగుతుంటే అది సంతోషం. ఒళ్లు కదలకుండా, తోక మాత్రం నిక్కబొడుచుకుని టకటకా ఆడుతుంటే కాదు.

ఇక మీవారి "ఏం చెయ్యదు" సంగతి. మీకు ఏం చెయ్యదు, నిజమే. ఆ అమ్మాయికి ఆ భరోసా ఎక్కణ్నుంచి వస్తుంది? 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి భోజనం పార్శిల్ ఇవ్వడానికి 23 ఏళ్ల కుర్రాడు వెళ్లాడు. ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ మీదికి రావడంతో భయపడి పరుగెత్తి, మూడో అంతస్తు నుంచి కిందపడి, కొద్దిరోజులకి ఆస్పత్రిలో చనిపోయాడు. ప్రాణం తీసింది కాటు కాదు, పడిపోవడం. కుక్కలున్న ఇంటి తలుపు తీసే ప్రతిసారీ ఆ కుర్రాణ్ని తలుచుకోండి. మీ పనమ్మాయి బహుశా ఇంకో మూడు నాలుగిళ్లలోనూ చేస్తూ ఉంటుంది. చెయ్యి కరిచిందంటే అన్ని ఇళ్ల జీతమూ పోతుంది. ఆమె కట్టేయమని అడగడంలో తప్పేమీ లేదు.

కట్టేయడం కంటే మంచిది, ఆమె బెల్లు కొట్టక ముందే కుక్కని ఒక గదిలోకి పంపి తలుపు వేయడం. గొలుసుతో కట్టిన కుక్కకి భయం వేస్తే పారిపోయే దారి ఉండదు, అందుకే ఇంకా ఎగబడుతుంది. గదిలో కొరుక్కోవడానికి ఏదైనా ఇవ్వండి. పనమ్మాయి వచ్చినందుకు శిక్ష పడిందని దానికి అనిపించకూడదు, మంచి వస్తువు దొరికిందని అనిపించాలి.

చీపురు భయం పోగొట్టే పని విడిగా, ఆమె లేనప్పుడు మొదలుపెట్టండి. హాల్లో ఒక మూల పాత చాప వేసి, కుక్క దాని మీద కూర్చోగానే ఉడికించిన చికెన్ ముక్క చిటికెన వేలి గోరంత పెట్టండి. ఆ చాప మీద నిమ్మళంగా ఉండటం వచ్చాక, గదికి అవతలి చివర చీపురు నేల మీద ఊరికే పడేసి ఉంచండి. కుక్క దాన్ని చూడాలి, వెంటనే ముక్క రావాలి. చీపురు చూడగానే ముక్క కోసం మీవైపు తిరుగుతోందంటే పాఠం ఎక్కుతోందని అర్థం. అప్పుడు మీరే చీపురు చేతిలోకి తీసుకోండి, తర్వాత ఒక్కసారి ఊడ్చండి. ఎక్కడ ఒళ్లు బిగబట్టినా రెండడుగులు వెనక్కి వెళ్లాలి. చివరికి, ఆ అమ్మాయి ఒప్పుకుంటేనే, ఆమె దూరంగా ఊడుస్తుంటే మీరు చాప దగ్గర కూర్చుని ముక్కలు పెట్టండి. ఆమె చేత మాత్రం తినిపించకండి. కుక్క తిండి ఆశకి దగ్గరికెళ్తుంది, తినేశాక తాను భయపడే మనిషి కాళ్ల దగ్గర నిలబడి ఉన్నానని చూసుకుంటుంది. కాటు పడే ప్రమాదం ఆ క్షణంలో ఎక్కువ.

గాలి ఆడే బుట్టలాంటి చిక్కం కూడా మూతికి అలవాటు చేయండి. నోరు తెరిచి రొప్పడానికీ, నీళ్లు తాగడానికీ వీలుండాలి. గుడ్డతో బిగించి కట్టేది వద్దు. ఈ జాతికి తుంటి కీళ్ల నొప్పి ఎక్కువ, చెవిలో చీము ఉన్నా చిరాకు పడుతుంది, కాబట్టి ఒకసారి డాక్టరుకి చూపించండి.

పొరపాటున పన్ను దిగితే పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టొద్దు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. కండకి ఇచ్చే రేబిస్ టీకా అయితే మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 14, 28వ రోజుల్లో పడాలి. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోగా కాపాడే మందు) కూడా వేస్తారు. మందుల ఖర్చూ, ఆమెకి పోయిన రోజుల జీతమూ మీవే. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, పెంపుడు జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. చట్టం కోసం కాకపోయినా మీవారికి ఈ పేరా చదివి వినిపించండి.

నాకు కుక్కలంటే ద్వేషం లేదు. రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజ్‌కి మసీదుకి వెళ్తాను. అదే వేళకి పై ఫ్లోర్ ఆయన తన కుక్కని లిఫ్టులో దించుతాడు. అది ప్రేమగానే వచ్చి చేతులూ బట్టలూ నాకుతుంది. ఎంగిలి తగిలితే కడుక్కోవాలి, బట్టలు మార్చుకోవాలి. మళ్లీ పైకెళ్లి వచ్చేసరికి జమాత్, అంటే అందరం కలిసి చేసే నమాజ్, దాటిపోతుంది. చెబితే కుక్క అంటే పడదనుకుంటాడేమోనని మొహమాటం. – ఒక పెద్దమనిషి, టోలీచౌకీ

మీరు ఆయనకి చెప్పండి. లిఫ్టులో కాదు, అక్కడ ఇద్దరూ తొందరలో ఉంటారు. సాయంత్రం పూట వాళ్లింటికి వెళ్లి, మీరు నాకు రాసిన ఈ మాటలే చెప్పండి. "నేను లోపలుంటే మీరు తర్వాతి లిఫ్టుకి రండి, మీరు లోపలుంటే నేను ఆగుతాను" అని ఒక్క సంగతి అడగండి. కారణం తెలియకపోతే మనుషులు తమ కుక్కని అవమానించారనుకుంటారు. తెలిస్తే చాలామంది కాదనరు.

కుక్కలున్నవాళ్లకి ఇందులో ఇంకా ఎక్కువ పని ఉంది. కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పెంపుడు కుక్కల్ని లిఫ్టులోకి రావద్దని అసోసియేషన్లు నిషేధించకూడదు. ఆ కాగితం చూపించి ఎదుటివాళ్ల మీదికి కుక్కని తోసుకుపోవడానికి అది రాయలేదు. నమాజ్‌కి వెళ్లేవాళ్లున్నారు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లున్నారు, మడి కట్టుకుని నైవేద్యం పట్టుకెళ్లే ముసలమ్మలున్నారు. చిన్నప్పుడు కుక్క కరిచి ఆ భయం పోనివాళ్లున్నారు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల బాబుని చంపేసిన వీడియో చూశాక, పిల్లల చెయ్యి వదలడానికి భయపడుతున్న తల్లులున్నారు. వాళ్లలో ఎవరూ మీకు కారణం చెప్పుకోవాల్సిన పని లేదు. తలుపు తెరుచుకోగానే లోపల మనిషి ఉంటే "మీరు వెళ్లండి" అనండి, అంతే.

కుక్కకి లిఫ్టు నేర్పడం కష్టమేమీ కాదు. లిఫ్టు తలుపుకి ఎదురుగా నిలబడొద్దు, ఒక పక్కకి, లోపలివాళ్లు బయటికొచ్చే దారి వదిలి నిలబడండి. కూర్చోబెట్టండి. తలుపు తెరుచుకున్నప్పుడు కూర్చునే ఉంటే ఒక ముక్క. లేచిందా, లిఫ్టుని పోనివ్వండి. తొందర లేని రాత్రి వేళ ఇలా సాధన చేయిస్తే, తలుపు తెరుచుకోవడం అంటే దూకడం కాదు, మీ మొహం చూడటం అని దానికి అర్థమవుతుంది. లోపలికెళ్లాక దాన్ని వెనక మూలలో కూర్చోబెట్టి, గోడకీ దానికీ మధ్య కాకుండా మనుషులకీ దానికీ మధ్య మీరు నిలబడండి. పట్టీ మీ మోకాలి దాకా కుదించి పట్టుకోండి. సాగి, మళ్లీ చుట్టుకునే పట్టీలు అపార్ట్‌మెంట్లో అసలు వాడొద్దు. బయటి తలుపు మూసుకుపోయేసరికి కుక్క ఒక పక్క, మీరు ఒక పక్క ఉండిపోయే ప్రమాదం వాటితో ఎక్కువ.

మేమిద్దరం సాఫ్ట్‌వేర్. ఇంటి నుంచి పని చేసిన రోజుల్లో లాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నాం. ఇప్పుడు ఇద్దరం ఆఫీసుకి వెళ్లాల్సివస్తోంది. మేం వెళ్లినప్పటి నుంచీ అరుస్తూనే ఉందట. అసోసియేషన్ వాళ్లు కుక్కని పంపేయమని నోటీసు ఇచ్చారు. అలా ఇవ్వొచ్చా? – మియాపూర్

ఇవ్వకూడదు. పైన చెప్పిన మార్గదర్శకాల్లోనే, మొరుగుతోందని చెప్పి కుక్కని నిషేధించడం కుదరదని ఉంది. మెజారిటీ ఓటు వేసినా కుదరదు. అది మీ ప్రశ్నకి జవాబు. కానీ మీ పక్క ఫ్లాట్‌లో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే నర్సు ఉందనుకోండి, పరీక్షలకి చదువుకునే పిల్లాడు ఉన్నాడనుకోండి, మార్గదర్శకాలు వాళ్ల చెవుల్లో దూది పెట్టవు కదా. కుక్క సంగతీ ఆలోచించండి. గంటల తరబడి అరిచే కుక్క అల్లరి చేస్తున్నది కాదు, బాధపడుతున్నది.

రేపు వెళ్లేటప్పుడు పాత ఫోను ఒకటి వీడియో ఆన్ చేసి హాల్లో పెట్టండి. దానికి ఇష్టమైన తిండి కూడా వదిలి వెళ్లండి. సాయంత్రం చూడండి. తిండి తినేసి, కాసేపు పడుకుని, బాల్కనీలో కాకి వాలినప్పుడో కింద వీధికుక్కలు కనబడినప్పుడో అరుస్తుంటే అది కాలక్షేపం లేకపోవడం. బాల్కనీ తలుపు వేసి, తెర దించి, పొద్దున్నే ఒక గంట బాగా తిప్పితే చాలావరకు తగ్గుతుంది. పెరుగన్నంలో ఉడికిన క్యారెట్ కలిపి, లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మలో కూరి, రాత్రే డీప్‌ఫ్రిజ్‌లో పెట్టండి. వెళ్లేటప్పుడు ఇస్తే నాక్కుంటూ చాలాసేపు గడుపుతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం తగలనివ్వకండి, అవి కుక్కకి విషం.

అలా కాకుండా, మీరు వెళ్లగానే తలుపు గీరుతూ, చొంగ కారుస్తూ, తిండి ముట్టకుండా అరుస్తుంటే అది ఒంటరితనపు భయం. లాబ్రడార్ తిండి ముట్టలేదంటేనే దాని భయం ఎంతో ఊహించుకోండి. దీనికి ఓపిక కావాలి. మీరు ఐడీ కార్డు మెడలో వేసుకున్నప్పుడు, తాళంచెవి తీసినప్పుడు, లంచ్‌బాక్సు మూత పెట్టినప్పుడే దానికి గుండె దడ మొదలవుతుంది. కాబట్టి ఊరికే ఐడీ కార్డు వేసుకుని టీవీ చూడండి. తాళం తీసి వంటింట్లోకి వెళ్లండి. ఆ వస్తువులకి అర్థం పోయాక, తలుపు బయటికెళ్లి, అది అరవకముందే లోపలికి రండి. అర నిమిషం, పది సెకన్లు, ఒక నిమిషం, మళ్లీ ఇరవై సెకన్లు. రోజురోజుకీ పెంచుకుంటూ మాత్రమే పోకండి, అప్పుడప్పుడూ తగ్గించాలి. వచ్చినప్పుడు పండగ చేయొద్దు, పోయేటప్పుడు బుజ్జగింపులు వద్దు. అరగంట, నలభై నిమిషాలు ప్రశాంతంగా ఉండగలిగితే ఆ తర్వాతి గంటలు తేలిక.

ఈ సాధన జరిగినన్నాళ్లూ దాన్ని రోజంతా ఒంటరిగా వదిలితే చేసిందంతా వృథా. ఇద్దరూ ఆఫీసు రోజులు మార్చుకోండి, అమ్మగారినో అత్తగారినో కొన్నాళ్లు రమ్మనండి, లేకపోతే పగటిపూట కుక్కల్ని చూసుకునే చోట వదలండి. భయం మరీ ఎక్కువైతే మందులున్నాయి, పశువైద్యులు రాసిస్తారు. మొరిగితే షాక్ కొట్టే బెల్టులు అమ్ముతున్నారు, దయచేసి కొనకండి. భయపడుతున్న జీవికి నొప్పి కూడా కలపడం అది.

మీ ఫ్లోర్ వాళ్లకీ, పైన కింద ఉన్నవాళ్లకీ ఈ వారంలోనే వెళ్లి చెప్పండి: సమస్య మాకు తెలుసు, ఇది చేస్తున్నాం, మరీ ఇబ్బందైతే ఈ నంబరుకి ఫోన్ చేయండి అని. నోటీసుకి లాయరు జవాబు కంటే అది ముందు వెళ్లాలి.

కుక్క రోడ్డు పక్కన మట్టిలో దొడ్డికి కూర్చుంటే దాన్ని కూడా ఎత్తాలా? మట్టిలో కలిసిపోయేదే కదా! – హనుమకొండ

ఎత్తాలి. కుక్క పేగుల్లో ఏలికపాములూ కొంకిపురుగులూ ఉంటాయి. ఏలికపాము గుడ్లు మట్టిలో నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి బతుకుతాయి. మట్టిలో ఆడుకుని చేతులు కడుక్కోని పిల్లల కడుపులోకి వెళ్తాయి. కొంకిపురుగు పిల్లలు చెప్పుల్లేని పాదం చర్మం గుండానే లోపలికి దూరతాయి. దొడ్డి పడిన రోజే ఈ గుడ్లకి అంటుకునే శక్తి రాదు, కొన్ని రోజులో వారాలో పడుతుంది. అందుకే వెంటనే ఎత్తడంలోనే ప్రయోజనం ఉంది. మీరు ఎత్తకపోతే తెల్లారి పారిశుధ్య కార్మికురాలు ఎత్తుతుంది, చాలాసార్లు చేతికి గ్లౌజు కూడా లేకుండా. పాత పేపరు ముక్క, ఒక కవరు జేబులో పెట్టుకుని బయల్దేరండి. కుక్కకి పురుగుల మందు డాక్టరు చెప్పిన గడువులో వేయించండి. ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే రోగాల) దినం నాడు, మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. అప్పుడే పురుగుల సంగతీ అడగండి.

మా అబ్బాయి అమెరికా వెళ్తూ హస్కీని మా దగ్గర వదిలాడు. నాకు అరవై రెండు. బయటికి తీసుకెళ్తే గుంజుకుపోతుంది. పోయిన వారం పడ్డాను, మణికట్టు వాచింది. మావారికి బీపీ. దాని కోసం రోజంతా ఏసీ. ఏం చేయాలో తోచడం లేదమ్మా. – విజయవాడ

ముందు ఆ మణికట్టు ఎక్స్‌రే తీయించుకోండి. మీ వయసులో వాపు అనుకున్నది ఎముకలో సన్నటి పగులు కావచ్చు. అది తగ్గేదాకా కుక్కని మీరు తిప్పొద్దు. కుక్కల్ని తిప్పే కుర్రాళ్లు దొరుకుతారు, ఆ జీతం మీ అబ్బాయి పంపుతాడు. మొహమాటపడకుండా అడగండి.

అది మొండిగా ఉండి గుంజడం లేదు. సైబీరియాలో మంచు మీద బండ్లు లాగడానికే చుక్చీ ప్రజలు తరాల తరబడి పెంచిన జాతి అది. ఎదురుగా పట్టీ బిగిస్తే దాని ఒంటికి తెలిసింది ముందుకు వెళ్లడమే. మెడ బెల్టు తీసేసి, ఛాతీ మీద ముందువైపు కొక్కెం ఉండే హార్నెస్ కొనండి. దానికి పట్టీ తగిలిస్తే, గుంజినప్పుడల్లా కుక్క పక్కకి తిరిగిపోతుంది, మీ మీద పడే బరువు తగ్గుతుంది. పట్టీ చేతికి చుట్టుకోకండి, మీరు పడింది అందుకే అయి ఉంటుంది. పట్టీ బిగిసిన ప్రతిసారీ తిప్పే మనిషి ఆగిపోవాలి, వదులైతేనే అడుగు వేయాలి. మొదటి వారం వీధి చివరికి కూడా చేరరు, ఫర్వాలేదు.

మీ ఊరి ఎండ దానికి ప్రాణాపాయం. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని ఆయుధం. విజయవాడలో గాలిలో తేమ ఎక్కువైన రోజు అది కూడా సరిగా పనిచేయదు. వేసవిలో తెల్లవారుజామున ఐదు లోపు, రాత్రి తొమ్మిది దాటాక మాత్రమే బయటికి తీయించండి. అరచేతి వెనకభాగం రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉండలేవు. చల్లగా ఉంటుందని బొచ్చు గొరిగించొద్దు, ఆ రెండు పొరల బొచ్చు వేడిని కూడా ఆపుతుంది. రొప్పు ఆగకపోయినా, చిగుళ్లు బాగా ఎర్రబారినా, తూలినా వెంటనే మామూలు నీళ్లు ఒంటి నిండా పోసి, ఫ్యాను పెట్టి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కరెంటు పోతే ఏసీ లేని రోజు ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

ఇన్ని చెప్పినా ఒక మాట చెప్పక తప్పదు. ఈ కుక్క ఇంకో పదేళ్లు బతకొచ్చు. మీ ఇద్దరి ఆరోగ్యానికి ఇది పెద్ద భారం, కుక్కకీ ఇది సుఖమైన బతుకు కాదు. మీ అబ్బాయి ముందున్న దారులు రెండే. ఖర్చు పెట్టుకుని, టీకాలూ, మైక్రోచిప్పూ, కాగితాలూ సిద్ధం చేయించి అక్కడికి తీసుకెళ్లడం ఒకటి. హస్కీ అంటే ఏమిటో తెలిసి, చల్లటి ఊళ్లో పరుగెత్తడానికి చోటున్న మంచి ఇల్లు తానే వెతికి అప్పగించడం రెండోది. అప్పగించేటప్పుడు టీకాల కార్డు, తినే అలవాట్లు, భయపడే సంగతులు అన్నీ రాసివ్వాలి. రోడ్డు మీద వదలడం మాత్రం నేరం, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కిందికి వస్తుంది. ఈ పేజీ ఫొటో తీసి అతనికి వాట్సాప్‌లో పంపండి. సందేహాలుంటే మీరు కాదు, అతన్నే నాకు రాయమనండి.